చెన్నైలో కళల పటం కడుతున్నారా? వాడేవాళ్ల దగ్గర దాన్ని పరీక్షించే పద్ధతి

ఏ వీధిలో భజన మందిరం ఉంది, కోలాటం నేర్పేదెవరు, తమిళుల ఆడి మాసంలో ఏ అమ్మవారి గుడి దగ్గర అంబలి పోస్తారు, గానా (చెన్నై పేటల వీధిపాట) పాడేవాళ్లు ఏ పేటలో దొరుకుతారు, ఈ వారం ఏ సభలో ఎవరి కచేరీ? ఇవన్నీ ఒక పటం మీదికి ఎక్కించి ఫోన్లో చూసుకునేలా చెయ్యాలనుకునే బృందాలకు పటం కట్టడం పెద్ద కష్టం కాదు. అందరూ కలిసి కట్టే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద చుక్కలు పెట్టుకునే యూమ్యాప్ లాంటి పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. చిక్కు తర్వాత వస్తుంది. ఎవరి కోసం కట్టారో వాళ్లు ఒకసారి తెరిచి చూసి మళ్లీ తెరవరు.

కట్టేవాళ్ల తలలో చోటు అంటే ఒక చుక్క, ఒక విభాగం, ఒక తేదీ. ఉండేవాళ్ల తలలో అది ఒక మనిషి, ఒక గుర్తు, ఒక తిథి. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడం ఎంతో కనిపెట్టడమే మీ పని. ఇక్కడి ఉదాహరణలు చెన్నై తెలుగువాళ్లవి: జార్జిటౌన్, షావుకారుపేట, ట్రిప్లికేన్, మైలాపూరు, వ్యాసర్పాడి, టి.నగర్.

ముందు ఒక కాగితం

ఫీల్డులోకి దిగకముందే ఒక్క పేజీలో మూడు నిర్ణయాలు రాసుకోండి. పరిశోధన ముగిశాక మారే వీలున్న నిర్ణయాలే రాయాలి. ఉదాహరణకు: పేర్లు ఏ లిపిలో కనబడాలి? తెరవగానే పటం రావాలా, జాబితా రావాలా? కళాకారుడి ఇల్లు చుక్కగా చూపాలా, వద్దా? జవాబు ఏదొచ్చినా మీరు చేసేది మారదనిపించే ప్రశ్నను కొట్టేయండి. జనం సమయం తీసుకుని ఆ జవాబును మూల పడేయడం మర్యాద కాదు.

ఎవరిని, ఎంతమందిని

అయిదుగురితో పరీక్షిస్తే చాలన్న మాట వినే ఉంటారు. అది నీల్సన్, లాండవర్ అనే పరిశోధకులు 1993లో వేసిన లెక్క నుంచి వచ్చింది. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడితే అయిదుగురి దగ్గర 85 శాతం దాకా బయటపడతాయి. కానీ ఆ అయిదుగురూ ఒకే తరహా వాళ్లయితేనే ఆ లెక్క నిలుస్తుంది. కళల పటానికి కనీసం నాలుగు తరహాల వాళ్లుంటారు: కళాకారులు, నిర్వాహకులు (సభ కార్యదర్శులు, భజన మందిరం పెద్దలు), ఆ వీధిలోనే కాపురం ఉన్నవాళ్లు, బయటి నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లు. తరహాకు అయిదుగురు చొప్పున 20 మంది. అందరినీ ఒకే సంఘం ద్వారా పిలిపిస్తే ఒకే కులం, ఒకే వీధి, ఒకే వయసు వాళ్లు వస్తారు. పిలిచే దారులు కనీసం మూడైనా ఉండాలి.

కూర్చున్న సమయానికి డబ్బివ్వండి. కళాకారుడి రెండు గంటలకు ఆ పూట పోగొట్టుకునే రాబడి లెక్కగట్టి, అంతకు తగ్గకుండా ఆ రోజే చేతికివ్వాలి. శాలువా కప్పి పంపడం దానికి బదులు కాదు.

మాట ఒక భాష, చదువు ఇంకో లిపి

చెన్నైలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. పిలిచే ముందు అడిగే ప్రశ్నల్లో ‘మీకు తెలుగు వచ్చా?’ అని ఉంటే ఆ జవాబు దేనికీ పనికిరాదు. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో తమిళం బడుల్లో తప్పనిసరి అయింది. ఒకటో తరగతిలో మొదలై ఏటా ఒక తరగతి పెరుగుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ తెలుగు అక్షరం రానివాళ్లు అంతకుముందూ ఉన్నారు, ఆ తర్వాత ఇంకా పెరిగారు. ఒకే ఇంట్లో అమ్మమ్మ తెలుగు చదువుతుంది, అమ్మ తమిళం చదువుతుంది, మనవడు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో వాట్సాప్‌లో కొడతాడు.

అందుకే రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఇంట్లో ఏం మాట్లాడతారు? వాట్సాప్‌లో వచ్చింది ఏ అక్షరాల్లో ఉంటే గబగబా చదువుతారు? జవాబు నోటిమాటగా తీసుకుని వదిలెయ్యకండి. చాలామంది సిగ్గుపడి ‘వస్తుందండీ’ అంటారు. మూడు చీటీలు దగ్గరుంచుకోండి. మూడింటిలోనూ ఒకే వాక్యం: ‘శనివారం సాయంత్రం ఆరున్నరకు గుళ్లో భజన ఉంది.’ ఒకటి తెలుగు లిపిలో, ఒకటి తమిళ లిపిలో, ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో. మూడూ బల్లమీద పెట్టి, చెయ్యి మొదట దేని మీదికి పోయిందో, చదవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. పది ప్రశ్నల కంటే ఈ ఒక్క చీటీ ఎక్కువ చెబుతుంది.

తమిళ లిపిలో తెలుగు రాస్తే సరిపోతుందిలే అనుకుంటే ఇంకో చిక్కు. ఆ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. ప, బ, భలకూ ఒకటే. ‘గుడి’ అని రాస్తే ‘కుడి’ అని చదువుతారు, తమిళంలో ఆ మాటకు ‘తాగు’ అని అర్థం. బటన్ మీద గుడి బదులు కోవెల అని పెట్టినా, గోపురం బొమ్మ పెట్టినా ఈ ఇబ్బంది తప్పుతుంది. పేరు పక్కన చిన్న స్పీకర్ గుర్తు పెట్టి, నొక్కితే తెలుగులో వినిపించేలా ఒక నమూనా కట్టి దాన్నీ పరీక్షించండి. అక్షరం రాని పెద్దవాళ్లకు అదొక్కటే దారి.

మాటల ఎంపిక కూడా ఇక్కడే తేలాలి. హైదరాబాదులో ‘సభ’ అంటే మీటింగు. చెన్నైలో సభ అంటే కచేరీలు పెట్టే సంస్థ. పార్థసారథి స్వామి సభ, నారద గాన సభ అన్నట్టు. హైదరాబాదులో అనువాదం చేయించిన తెలుగు ఇక్కడ నప్పదు. ‘నమోదు’, ‘వడపోత’, ‘స్థానం’ అన్న బటన్లు చూసి ఆగిపోయేవాళ్లు ‘ఫిల్టర్’, ‘లొకేషన్’ చూస్తే ఆగరు. మీకు నచ్చిన మాట కాదు, వాళ్లు ఆగకుండా నొక్కిన మాట పెట్టండి.

వెతుకుడు పెట్టెకు ఒక పర్యాయపదాల పట్టిక కట్టుకోండి. హరికథ, హరికథై, కథాకాలక్షేపం ఒకే చోటికి చేరాలి. త్యాగరాజు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కనీసం నాలుగు రకాలుగా కొడతారు: ‘హెచ్’ ఉండీ లేకా, ‘వై’తో, ‘ఐ’తో. 20 మంది కొట్టిన ప్రతి స్పెల్లింగునూ, తప్పనిపించినా సరే, ఉన్నదున్నట్టు రాసి పట్టికలో చేర్చండి.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా మార్గళి కచేరీలు. ఆ నెలలో సభలవాళ్లను ఇంటర్వ్యూకు అడగొద్దు, కానీ శ్రోతలను గమనించడానికి అంతకు మించిన నెల లేదు. క్యాంటీన్ వరసలో నిలబడ్డవాళ్లు తర్వాతి కచేరీ ఎలా వెతుక్కుంటున్నారో చూడండి: పేపరు చూస్తున్నారా, పక్కవాళ్లను అడుగుతున్నారా, ఫోనులో ఫొటో తీసుకున్న కార్యక్రమ పత్రం చూస్తున్నారా? జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా, అంటే ఆడి మాసంలో, అమ్మవారి గుళ్ల కళాకారులకు తీరిక ఉండదు. అక్టోబరు నుంచి వానలు. ఫిబ్రవరి మంచి నెల, జూన్ రెండో సగం ఫరవాలేదు. తెల్లవారుజామునే పనిలోకి వెళ్లే పారిశుధ్య కార్మికుల కుటుంబాల్లో పాటగాళ్లుంటే మధ్యాహ్నం వాళ్లు నిద్రపోయే వేళ తలుపు తట్టకండి. వేళ వాళ్లే చెప్పాలి.

కాగితం పటంతో మొదలు

ఫోను బయటికి తియ్యకముందు ఖాళీ కాగితం ఇచ్చి ‘మీ చుట్టుపక్కల పాట, ఆట, పండగ జరిగే చోట్లన్నీ గీయండి’ అనండి. పది నిమిషాలు. గీత రాదంటే వాళ్లు చెబుతుంటే మీరు గీయండి. ఏది మొదట గీశారు, దేన్ని పెద్దగా గీశారు, ఎక్కడ ఆగి ఆలోచించారు అన్నది పక్కన ఇంకొకరు రాసుకోవాలి. ఈ పనికి ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి. అడిగేవాళ్లే రాసుకుంటూ కూర్చుంటే మాట తెగిపోతుంది.

తర్వాత అచ్చు పటం పరచండి. ఏ1 కాగితం మీద 1:2,500 స్కేలులో తీస్తే దాదాపు 1.5 కిలోమీటర్ల వెడల్పు, 2.1 కిలోమీటర్ల పొడవు పడుతుంది. ఒక పేటకు అది చాలు. ఇంకా చిన్న స్కేలుకు పోతే సందుల పేర్లు చదవలేరు. మూడు రంగుల స్టిక్కర్లు ఇవ్వండి: ఇప్పుడు జరుగుతున్నవి, ఒకప్పుడు జరిగి ఆగిపోయినవి, పటంలో పెట్టొద్దనిపించేవి. ఆ మూడో రంగు మరవకండి, దాని సంగతి కింద వస్తుంది.

అచ్చు పటం మీద వేలు పెట్టలేక తడబడటం మీరు తప్పకుండా చూస్తారు. మౌంట్ రోడ్డుకు పటంలో అన్నా శాలై అని ఉంటుంది, చైనా బజారుకు నేతాజీ పేరు ఉంటుంది. తలుపుకు పాత నంబరొకటి, కొత్త నంబరొకటి. ‘కన్యకా పరమేశ్వరి గుడి వెనక సందు, పూలకొట్టు దాటాక’ అన్నదే అసలు చిరునామా. కాబట్టి చేర్చే ఫారంలో చిరునామా కంటే ముందు ‘దగ్గర గుర్తు ఏమిటి?’ అన్న గడి ఉండాలి, వీధికి పాత పేరు, కొత్త పేరు రెండూ వెతుకుడులో పనిచెయ్యాలి.

చివరగా ఆ మనిషితో కలిసి 45 నిమిషాలు నడవండి. ఫోనులో ఫారాలు నింపుకునే పనిముట్లు ఓడీకే కలెక్ట్, కోబో టూల్‌బాక్స్ రెండూ నెట్ లేకపోయినా పనిచేస్తాయి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోను జీపీఎస్ అయిదు మీటర్ల అటూఇటూగా చూపుతుంది. షావుకారుపేట సందుల్లో రెండు పక్కలా మేడలే కాబట్టి చుక్క పక్క వీధిలోకి దూకుతుంది. పరికరం చూపే ఖచ్చితత్వం పది మీటర్ల లోపుకు వచ్చేదాకా ఆగండి. రాకపోతే చుక్కను చేత్తో జరిపి ‘చేత్తో పెట్టింది’ అని గుర్తు రాసుకోండి.

విభాగాలు మీరు నిర్ణయించకండి

కార్డులు పేర్చించండి. 30 నుంచి 36 కార్డులు, ఒక్కో దానిమీద ఒక కళ లేక ఒక చోటు, వెనక చిన్న బొమ్మ. 15 మందికి విడివిడిగా ఇచ్చి ‘మీకు ఒక చోట ఉండాలనిపించేవి ఒక కుప్పగా వేసి, కుప్పకు పేరు పెట్టండి’ అనండి. ఏ రెండు కార్డులు ఎంతమంది ఒకే కుప్పలో వేశారో పట్టిక గియ్యండి. పది మందికి పైగా కలిపినవి కలిసే ఉండాలి. నలుగురు, అయిదుగురే కలిపిన కార్డును రెండు విభాగాల్లోనూ చూపండి.

డప్పు కార్డు ఎక్కడ పడుతుందో జాగ్రత్తగా చూడండి. కొందరు దాన్ని సంగీతంలో వేస్తారు, కొందరు చావు మేళంలో, కొందరు చేతిలో పట్టుకుని ఎక్కడా వెయ్యకుండా కూర్చుంటారు. ‘శాస్త్రీయం’, ‘జానపదం’ అని రెండు పెట్టెలు ముందే గీసేస్తే ఈ తడబాటు మీకు కనబడదు. పైగా ఒక కళను కింది మెట్టు మీద కూర్చోబెట్టింది మీరే అవుతారు. పరై (తమిళ డప్పు), డప్పు వాయించేవాళ్లనే అడగండి: పటంలో మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి? వాళ్లు చెప్పిన పేరే ఉండాలి.

‘తెలుగు’ అన్న ఫిల్టర్ మీద కూడా ఇదే పరీక్ష పెట్టండి. త్యాగరాజ కీర్తన తెలుగు, పాడేవాళ్లు తమిళులు, పుస్తకం తమిళ లిపిలో. ఆ కచేరీ ‘తెలుగు’ కిందికి వస్తుందా? అడిగిన ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు. ‘పాట భాష’, ‘మాట్లాడే భాష’ అని రెండుగా విడగొడితే తగువు తీరుతుంది. హరికథకు రెండోది అవసరం, కచేరీకి మొదటిది చాలు.

తేదీ గడి

‘ప్రతి ఏటా ఇదే తేదీ’ అన్న టిక్కు పెట్టి ఊరుకుంటే రెండో ఏడు సగం సమాచారం తప్పుతుంది. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి, అంటే తిథికి వస్తుంది. ధనుర్మాస భజన సౌరమానం కాబట్టి డిసెంబరు 16కు అటూఇటూగా మొదలవుతుంది. కొన్ని అమ్మవారి ఉత్సవాలు ‘ఆడిలో మూడో ఆదివారం’ లాంటివి. చాంద్రమానం పాటించే తెలుగిల్లు, సౌరమానం పాటించే తమిళగుడి ఒకే వీధిలో ఉంటాయి. అందుకని ఫారంలో నాలుగు ఎంపికలు పెట్టి పరీక్షించండి: ఇంగ్లీషు తేదీ, తిథి, నక్షత్రం, ‘ఫలానా నెలలో ఇన్నో వారం’. నిర్వాహకులు అయిదుగురికీ వాళ్ల సొంత ఉత్సవాన్నే చేర్చమని చెప్పి, ఎంపిక దగ్గర ఎంతసేపు ఆగారో చూడండి. పంచాంగం తెచ్చి చూసి మరీ నింపేవాళ్లుంటారు. నింపనివ్వండి, సమయం మాత్రం రాసుకోండి.

ఫోను ఇచ్చి చూడటం

కొత్త ఫోను ఇవ్వకండి, వాళ్ల ఫోనులోనే తెరవాలి. ఒక్క కూర్చోడం మేడ మీద కాకుండా వీధిలో, ఎండలో, సాయంత్రం నాలుగింటప్పుడు జరగాలి. లేత బూడిదరంగు పటం మీద లేత నారింజ చుక్కలు ఆ వెలుగులో కనబడవు. ఉత్సవం రోజు గుంపులో నెట్ నిలబడదు కాబట్టి విమానం మోడ్ పెట్టి ఏం మిగులుతుందో చూడండి. తెలుగు అక్షరాలనూ దగ్గరగా చూడాలి. కొన్ని పటం ఇంజన్లు ఒత్తులను విడగొట్టేస్తాయి, ‘త్యాగరాయ’లో యవత్తు పక్కకు జారి వేరే అక్షరంలా నిలబడుతుంది. వరసల మధ్య ఎడం తక్కువైతే కింది ఒత్తులు తెగిపోతాయి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా వరస ఎత్తు ఇవ్వండి.

పనులు చెప్పేటప్పుడు తెరమీద ఉన్న మాట మీ నోట రాకూడదు. ‘ఫిల్టర్ నొక్కి కచేరీలు వెతకండి’ అంటే జవాబు చెప్పేసినట్టే. ఇలా చెప్పండి:

‘వచ్చే శనివారం మీ అత్తగారిని పాట వినడానికి తీసుకెళ్లాలి. ఆవిడ మెట్లెక్కలేరు. ఎక్కడికి వెళ్తారు?’

‘మీ వీధి భజన ఇందులో లేదు. చేర్చండి.’

‘ఇక్కడున్న ఫోన్ నంబరుకు చేస్తే ఎవరో వేరేవాళ్లు ఎత్తారు. ఇప్పుడేం చేస్తారు?’

ఒక్కో పనికి మూడు గుర్తులే చాలు: తనంత తాను చేశారు, ఒక మాట సాయంతో చేశారు, చెయ్యలేదు. ఆగిపోయినప్పుడు మనసులో పది లెక్కపెట్టాక గానీ నోరు విప్పకండి. ‘బాగుందమ్మా’ అన్న మాటను ఫలితంగా రాసుకోవద్దు, అది మీకిచ్చిన మర్యాద. దానికి బదులు ‘ఇది మీ చెల్లెలికి నేర్పాలంటే ఎలా చెబుతారు?’ అనండి. నేర్పేటప్పుడు ఎక్కడ దాటవేశారో అక్కడ అర్థం కాలేదన్నమాట. తయారుచేసినవాళ్లు గదిలో ఉంటే ఇదేదీ జరగదు, వాళ్లను బయట కూర్చోబెట్టండి.

జాన్ బ్రూక్ 1986లో కట్టిన వాడటం ఎంత తేలికో కొలిచే పది వాక్యాల ఎస్‌యూఎస్ ప్రశ్నపత్రం చాలామంది వాడతారు. దానిలో ఒకటి విడిచి ఒకటి వ్యతిరేక వాక్యం. తెలుగులో చదివి వినిపిస్తే ‘కష్టంగా ఉంది, ఒప్పుకోను’ దగ్గర జనం తికమకపడతారు. వాడాలంటే తికమకపడ్డ జవాబును అప్పటికప్పుడే మళ్లీ అడిగి సరిచేసుకోండి.

ఏది పటంలో పెట్టకూడదు

మూడో రంగు స్టిక్కర్లు పడ్డ చోట్ల ఎందుకని అడగండి. కుప్పంలో (చెన్నైలో జాలరి పేటను ఇలా అంటారు) ఇల్లు చుక్కగా కనబడితే ఖాళీ చేయిస్తారేమోనన్న భయం ఉంటుంది. ఒంటరిగా ఉండే పాటగత్తె ఇంటి చుక్క చూసి రాత్రిపూట తలుపు తట్టేవాళ్లుంటారు. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాత అయిదు అంకెలుంటే దాదాపు ఒక మీటరు ఖచ్చితత్వం, రెండే ఉంటే దాదాపు ఒక కిలోమీటరు. ఇళ్లను రెండంకెలకు కుదించండి, గుళ్లు, హాళ్లకు అయిదూ ఉంచండి. కుదించే పని తెరమీద చూపేటప్పుడు కాదు, డేటాబేసులోకి వెళ్లేటప్పుడే జరగాలి. లేకపోతే డౌన్‌లోడ్ ఫైలులో అసలు అంకెలు బయటపడతాయి.

సమ్మతి ఒక్క సంతకం కాదు. పేరుకు వేరే, ఫోటోకు వేరే, గొంతుకు వేరే, ఫోను నంబరుకు వేరే అడగండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, వాళ్లు ‘సరే’ అన్న మాట రికార్డు చేయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగడుతుంది. కోలాటం నేర్చుకునే అమ్మాయిల ఫోటో పెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, గురువుగారు ఒప్పుకుంటే సరిపోదు. ‘తీసేయండి’ అనడానికి వాట్సాప్ నంబరు ఒకటి ఇవ్వండి, వెబ్ ఫారం పెడితే ఎవరూ నింపరు.

తర్వాత

రాసుకున్నవి అదే రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని పట్టికలోకి ఎక్కించాలి. రెండ్రోజులు పోతే చేతిరాత మీకే అర్థం కాదు. లోపాల్లో మూడింటిని మాత్రమే ఎంచుకోండి. పని పూర్తికానివ్వనిది, ఎవరికైనా హాని చేసేది, ఎక్కువమందికి తగిలింది, ఈ వరసలో. అవి సరిచేసి కొత్తగా అయిదుగురితో మళ్లీ చూడండి.

ప్రతి చుక్కకూ ‘చివరిసారి సరిచూసింది’ అన్న తేదీ కనబడాలి, సరిచూసే మనిషి ఎవరో ఆ పేటలోనే తేలాలి. ఏడాది దాటిన చుక్క రంగు వెలిసిపోయేలా పెడితే చూసేవాళ్లకు తెలుస్తుంది.

మూడు వారాల లోపు సవరించిన పటం ఏ1 కాగితం మీద తీసి, స్టిక్కర్లు అంటించిన వాళ్ల దగ్గరికే తీసుకెళ్లి మందిరం గోడకో, టీ కొట్టు గోడకో అంటించండి. పక్కన ఒక పెన్ను దారం కట్టి వేలాడదీయండి. వారం తర్వాత వెళ్లి చూస్తే గోడ మీద కొత్త పేర్లు, కొట్టివేతలు కనబడతాయి. వాటిని ఫొటో తీసుకుని పట్టికలో చేర్చండి.